బీరువాలో సిగ్నల్

జిరాక్స్ షాపు వెనక గదిలో పెద్దాయన ఒక ఫోటోని బల్ల మీద పెట్టాడు. దాని పక్కన తన చేతి గడియారం విప్పి పెట్టాడు. టైము రెండు గంటల పది నిమిషాలు.

“సాయంత్రంలోపు ఈ మనిషి ప్రాణం పోతుంది. నువ్వు ఆపకపోతే.”

చీమ కళ్ళద్దాలు సర్దుకుని ఫోటో చూసింది. గళ్ళ చొక్కా వేసుకున్న ఒక వీపు. ముఖం లేదు. సంస్థలో ఆ ముఖం చూసినవాళ్ళు ముగ్గురికి మించి లేరు.

చీమ అనేది సంస్థ ఆమెకిచ్చిన పేరు. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. పట్టిన పని వదలదు. ఈ రెండింట్లో ఏది చూసి ఆ పేరు పెట్టారో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె పని వైర్‌లెస్ సెక్షన్‌లో.

“సంస్థలో ఈయన పేరు గడియారం,” అన్నాడు పెద్దాయన. “పన్నెండేళ్ళుగా సరిహద్దు అవతల ఉన్నాడు. పైకి గోడ గడియారాల సేల్స్‌మన్. ఇవాళ నాలుగుంపావుకి రేవు దగ్గర మన కొరియర్‌ని కలవాలి. ఆ కొరియర్ నిన్ననే శత్రువులకి దొరికిపోయాడు. రేవు దగ్గర ఉండేది వాళ్ళ మనుషులు.”

“ఫోన్ చేసి చెప్పొచ్చు కదా సార్?”

“ఫోన్ పెట్టుకోడు. పెట్టుకుని ఉంటే పన్నెండేళ్ళు బతికేవాడు కాదు. నెట్‌లో ఆయనకొక లెటర్‌బాక్స్ ఉంది. బయల్దేరే ముందు, సరిగ్గా నాలుగింటికి, ఒకే ఒక్కసారి తెరిచి చూస్తాడు. ఏమీ లేకపోతే రేవుకి బయల్దేరతాడు. ఆ లెటర్‌బాక్స్‌కి రెండింటి మీదే నమ్మకం. ఆయన పాత లాప్‌టాప్, ఆయన ఇంటి నెట్ కనెక్షన్. ఆ లాప్‌టాప్ నుంచి, ఆ కనెక్షన్ మీద వస్తేనే ఉత్తరం తీసుకుంటుంది.”

“అయితే ఆ ఇంటికెళ్ళి ఆన్ చేయడమేగా.”

“లాప్‌టాప్ వయసు ఇరవై అయిదు. పోయిన నెల ఆ ఇంట్లో కొత్త రౌటర్ పెట్టారు. అప్పటినుంచి ఆ రెండింటికీ మాటల్లేవు.”

బల్ల మీద గడియారం రెండు నిమిషాలు ముందుకు జరిగింది.

“ఇంకోటి. మన ఆఫీసులోంచి మాట బయటికి పోతోంది. ఎవరి ద్వారానో తెలీదు. నాలుగింటి దాకా నాకు ఫోన్ చేయకు. తప్పదనుకుంటే మనిషిని పంపిస్తాను. సిగ్నల్ ఎన్ని గీతలని నువ్వడగాలి. మూడు, ఒకటి తెగిందని జవాబు రావాలి.”

వేషం సిద్ధంగా ఉంది. నెట్ కంపెనీ నీలం చొక్కా, టోపీ, మెడలో కార్డు. సంచిలో స్క్రూడ్రైవర్, పవర్ ఎక్స్‌టెన్షన్, ఇరవై అడుగుల కేబుల్, సబ్బుపెట్టె అంత చిన్న రౌటర్ ఒకటి. పెద్దాయన పిస్తోలు ఇవ్వబోయాడు. చీమ వద్దంది. పిస్తోలు ఉన్న మెకానిక్‌ని ఏ ఇల్లాలూ లోపలికి రానివ్వదు.

ఆ వీధిలోకి వచ్చేసరికి రెండూ నలభై అయిదు. అపార్ట్‌మెంట్ ఎదురుగా బూడిదరంగు వ్యాన్ ఒకటి నిలబడి ఉంది. దాని మీద సోఫాలు శుభ్రం చేసే కంపెనీ పేరు. వీధంతా తడిగా ఉంది, వ్యాన్ కింద మాత్రం నేల పొడిగా ఉంది. వాన వెలిసింది పొద్దున తొమ్మిదింటికి. సోఫాలు కడిగేవాళ్ళు ఆరు గంటల సేపు ఒకేచోట కూర్చోరు.

మూడో అంతస్తులో తలుపు తీసింది గడియారం తల్లి. ఒక చేతిలో ట్యాబ్, ముక్కు మీద కళ్ళజోడు.

“పోయిన నెలే కదమ్మా మార్చి వెళ్ళారు. మళ్ళీ ఏం మిగిలింది?”

“చిన్న చెకింగ్, పెద్దమ్మగారూ.”

“కానివ్వు. పోయిన నెల వచ్చిన పొడుగు పిల్ల మూతికి మాస్కు కట్టుకుని, పల్లెత్తు మాట లేకుండా పని చేసుకుపోయింది. నువ్వూ అలాగే కానివ్వు. నా సీరియల్ మాత్రం ఆగకూడదు. ఇవాళ ఆవిడ విడాకుల కాగితం మీద సంతకం పెడుతుంది. ఎనిమిది నెలలుగా కలం చేతిలోనే ఉంది.”

హాలంతా బట్టే. గడియారం భార్య ఇంట్లో కర్టెన్లు కుడుతుంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. మెషీను పక్కన ఎండ చొరని మందపాటి నల్ల కర్టెన్ ఒకటి కుట్టడం పూర్తయి మడత పెట్టి ఉంది. ఆమె తలూపి, రౌటర్ ఉన్న మూల చూపించి, వైఫై పాస్‌వర్డ్ చెప్పి, మళ్ళీ కుట్టులో పడింది.

చీమ తన ఫోన్‌ని కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి దాని పేజీ తెరిచింది. ఈ క్షణాన వైఫై మీద ఉన్న వస్తువులు ఐదు: టీవీ, రెండు ఫోన్లు, ట్యాబ్, వాషింగ్ మెషిన్. అన్నీ ఇంట్లోవే. ఆమె ఊపిరి పీల్చుకుని, మెషీను దగ్గరికి వెళ్ళి ఫోటో చూపించింది.

మెషీను ఆగింది.

“ఈ చొక్కాకి గుండీలు నేనే మార్చాను,” అంది ఆమె, సూదులు ఒక్కొక్కటే పెదాల మధ్య నుంచి తీస్తూ. “ఎవరు నువ్వు?”

చీమ నాలుగే వాక్యాల్లో చెప్పింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. అత్తగారి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“గడియారాలు అమ్మరని నాకెప్పుడో తెలుసు. మా ఇంట్లో ఒక్క గడియారం సరిగా నడవదు. ఎంత టైముంది?”

“గంటా అయిదు నిమిషాలు.”

పడకగదిలో పాత ఇనుప బీరువా. ఆకుపచ్చ రంగు, మనిషెత్తు. కింది అరలో దుప్పట్ల వెనక, దిండు గలీబులో చుట్టి ఉంది లాప్‌టాప్. మూడున్నర కిలోలు. చీమ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసింది. నెట్ కేబుల్ పెట్టే రంధ్రం లేదు. పక్కనున్న సందులో ఒక వైర్‌లెస్ కార్డు దూర్చి ఉంది. ఆ కార్డుకి తెలిసింది ‘వెప్’ అనే పాతకాలం తాళం ఒక్కటే. కొత్త రౌటర్ ఆ తాళాన్ని మొహం కూడా చూడదు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి పెద్దావిడ సీరియల్ ఆపేసింది. పొడవాటి మనిషి. మెడలో పట్టు స్కార్ఫు. ఆమె కంటే ముందు సెంటు వాసన గదిలోకి వచ్చింది.

“సూపర్‌వైజర్‌ని,” అంది ఆమె నవ్వుతూ. “మా అమ్మాయి పని ఎలా చేస్తోందో చూద్దామని.”

చీమ దగ్గరికి వెళ్ళింది. “సిగ్నల్ ఎన్ని గీతలు మేడమ్?”

“మూడు. ఒకటి తెగింది.” ఆమె చెవి దగ్గరికి వంగింది. “నేను వయొలిన్‌ని. పెద్దాయన పంపారు.”

చీమ గుండె ఒక్కసారి తేలికైంది. వయొలిన్ గురించి వినని వాళ్ళు సంస్థలో లేరు. దేశదేశాల్లో కచేరీలు చేస్తుంది. శత్రువుల ముఠాలో ఆరేళ్ళుగా వాళ్ళ మనిషిలా తిరుగుతూ, వయొలిన్ పెట్టెలో రహస్యాలు మోసుకొస్తుందని చెప్పుకుంటారు.

“లాప్‌టాప్ దొరికిందా?”

ఇంకా ఆన్ అవుతుందో లేదో తెలియని వస్తువు గురించి అవునని చెప్పడం చీమకి అలవాటు లేదు. “వెతుకుతున్నాం మేడమ్.”

“వెతుకుతూనే ఒక పని చెయ్. పాస్‌వర్డ్ లేని గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరువు. ఆ ముసలి కార్డుకి కొత్త సెక్యూరిటీ ఎక్కదు. తాళమే లేకపోతే రెండు నిమిషాల్లో కలుస్తుంది.”

మాట సరైనదే. దారిలో చీమ కూడా అదే అనుకుంది, వ్యాన్‌ని చూశాక మానుకుంది. తాళం లేని నెట్‌వర్క్‌లో ఉత్తరం వెళ్తే వ్యాన్‌లో వాళ్ళు మధ్యలో దూరి దాన్ని మింగేయగలరు. మింగి, చేరినట్టు ఒక దొంగ రసీదు కూడా పంపగలరు. ఇక్కడ అందరూ హమ్మయ్య అనుకుంటారు. అక్కడ గడియారం రేవుకి బయల్దేరతాడు.

కానీ చెబుతున్నది వయొలిన్. టైము మూడూ పది. చీమ రౌటర్ ముందు కూర్చుని పేజీ తెరిచింది.

వైఫై మీద ఉన్న వస్తువులు: ఆరు.

ఆమె వేలు గాల్లోనే ఆగింది. చీమ ఫోన్ కేబుల్ మీద ఉంది, ఈ లెక్కలోకి రాదు. ఇందాకటి ఐదూ ఇంట్లోవే. మరి ఆరోది? అదొక ఫోన్, నాలుగు నిమిషాల కింద వచ్చింది. కాలింగ్ బెల్ మోగింది నాలుగు నిమిషాల కింద.

పాస్‌వర్డ్ ఎవరూ చెప్పకుండా ఒక ఫోన్ దానంతటదే ఇంటి వైఫై మీదికి ఎక్కిందంటే, అది ఇంతకుముందు ఈ ఇంటికి వచ్చింది.

చీమ తల తిప్పలేదు. ఆరో వస్తువు మీద ‘పాజ్’ నొక్కి, రౌటర్ అద్దపు మూతలో వెనక గది చూసింది. సోఫాలో మెసేజ్ టైపు చేస్తున్న వయొలిన్ బొటనవేలు ఆగిపోయింది. ఆమె తలెత్తి సూటిగా రౌటర్ వైపు చూసింది. నెట్ పోతే వచ్చినవాళ్ళు చేతిలో ఫోన్ వైపు చూస్తారు. అది ఎక్కడినుంచి వస్తోందో తెలిసినవాళ్ళే రౌటర్ వైపు చూస్తారు.

చీమ పాజ్ తీసేసింది. పోయిన నెల మూతికి మాస్కు కట్టుకుని వచ్చిన పొడుగు పిల్ల ఎవరో తెలిసింది. ఆఫీసులోంచి మాట ఎవరి ద్వారా పోతోందో కూడా తెలిసింది. వయొలిన్ వేషం మార్చింది, హోదా మార్చింది. ఫోన్ మార్చలేదు.

“తెరిచాను మేడమ్,” అంది చీమ మామూలుగా.

నిజంగానే గెస్ట్ నెట్‌వర్క్ తెరిచింది. కాకపోతే దాన్నుంచి బయటికి పోయే దారి మూసేసింది. వాకిలి బార్లా తీసిపెట్టి లోపల గోడ కట్టినట్టు. నిమిషం తిరక్కుండానే ఎవరో ఆ వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. వ్యాన్.

“మేడమ్, ఎదురుగా ఆ వ్యాన్ నాకు అనుమానంగా ఉంది. నేను లాప్‌టాప్ వెతుకుతాను. మీరు కాస్త దాని మీద కన్నేసి ఉంచుతారా?”

“తప్పకుండా,” అంది వయొలిన్. పెదవి కొస నవ్వింది. చీమ రౌటర్‌కి కేబుల్ తగిలించి పడకగది వైపు లాగుతుంటే చూసింది. “కేబుల్ ఎందుకు?”

“లాప్‌టాప్‌కి కేబుల్ రంధ్రం ఉంటుందేమోనని.”

“చూడు. ఉంటే అదృష్టమే.”

లేదని ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే హాయిగా వెనక్కి వాలింది.

పడకగది తలుపు దగ్గరగా వేసి, చీమ బీరువా కింది అర ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

“అక్కా, హాల్లో ఉన్నావిడ మన మనిషి కాదు. ఈ లాప్‌టాప్ పాత తాళంతోనే మాట్లాడగలదు. ఆ తాళాన్ని వీధిలో వాళ్ళు నిమిషాల్లో విప్పేస్తారు. కాబట్టి దీని మాట వీధిలోకి వినబడకూడదు. ఇనుప బీరువాలో కూర్చుని మాట్లాడిస్తే మాట బీరువా దాటదు.”

“ఎవరు కూర్చుంటారు?”

చీమ అర కొలత చూసింది. తన కొలత చూసుకుంది. ఆమె వైపు చూసింది.

“దేవుడు ఇందుకే ఇంత చేశాడేమోలే నిన్ను,” అంది ఆమె, దుప్పట్లు మంచం మీదికి విసురుతూ.

చీమ మోకాళ్ళు గడ్డానికి ఆనించి లోపల ముడుచుకుంది. ఒళ్ళో లాప్‌టాప్, పాదాల దగ్గర సబ్బుపెట్టె రౌటర్. సబ్బుపెట్టెకి ఒకవైపు హాల్లోంచి వచ్చిన కేబుల్. రెండోవైపు అది పాత తాళంతో లాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. ఇంటి వైఫై పాస్‌వర్డ్ కూడా దానికి నేర్పింది. కేబుల్‌ని ఆమె ఎప్పుడూ పూర్తిగా నమ్మదు. కేబుల్, పవర్ వైరు నలగకుండా తలుపు మూసుకుంది. లోపల చీకటి, కలరా ఉండల వాసన.

మూడూ ఇరవై ఆరు. లాప్‌టాప్ ఆన్ చేసింది. హార్డ్ డిస్క్ గరగరమంది. ఆ శబ్దం హాలు దాకా పోతుందని భయం వేసింది. వెంటనే బయట దర్జీ కత్తెర చప్పుడు మొదలైంది. గడియారం భార్య మంచం మీద బట్ట పరిచి కత్తిరిస్తోంది.

స్క్రీన్ వెలగడానికి నాలుగు నిమిషాలు. వెలిగి పాస్‌వర్డ్ అడిగింది.

“అక్కా,” అంది తలుపు సందులోంచి. “పాస్‌వర్డ్.”

“వైఫైదే. ఈ ఇంట్లో అన్నిటికీ అదే. అలా పెట్టొద్దంటే వినరు.”

పన్నెండేళ్ళుగా రెండు దేశాల కళ్ళు కప్పిన మనిషి. చీమ టైపు చేసింది. తెరుచుకుంది.

తేదీ ఇరవై అయిదేళ్ళ వెనక్కి పోయి ఉంది. లోపలి బటన్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తప్పు తేదీతో వెళ్తే లెటర్‌బాక్స్ ఉత్తరం ముట్టదు. సరిచేసింది. మూడూ ముప్పై ఎనిమిది. కార్డు మీద నారింజ దీపం ఆగకుండా మిణుకుమంటోంది. ఎదుట ఎవరూ కనబడటం లేదని దానర్థం. సబ్బుపెట్టె కొత్త వేగాల్లో పలకరిస్తోంది, ఈ కార్డుకి ఆ వేగం అందదు. ఆమె ఫోన్‌లోంచి సబ్బుపెట్టెని పాత వేగానికి దించింది. దాని బలం అట్టడుగుకి తగ్గించింది. పది అక్షరాల తాళం కొట్టింది. తప్పు. చీకట్లో వేలు పక్క మీట మీద పడింది. మళ్ళీ కొట్టింది.

మూడూ యాభై ఒకటి. దీపం పచ్చగా నిలబడింది.

చీమ ప్రోగ్రాం తెరిచి రాసింది: ‘వెళ్ళవద్దు. రేవు వాళ్ళది.’ పంపింది.

ఆ లెటర్‌బాక్స్ కంగారు పడే రకం కాదు. ప్రతి ముక్కనీ వెనక్కి పంపి, మళ్ళీ అడిగి, సరిచూసుకుని గానీ తీసుకోదు. స్క్రీన్ మీద గీత నత్తలా కదిలింది. పది. ఇరవై అయిదు. నలభై.

హాల్లో సోఫా కిర్రుమంది.

“ఎక్కడికమ్మాయ్?” పెద్దావిడ గొంతు. “సూపర్‌వైజర్‌వి కదా, ఇది చూసి వెళ్ళు. సీరియల్ గిర్రున తిరుగుతోంది తప్ప కదలదు.”

“తర్వాత చూస్తానండీ.”

“తర్వాత ఏముంది, ఆవిడ సంతకం పెట్టేస్తుంది. వేలు ఇక్కడ పెట్టి చూడు. అబ్బే, అక్కడ కాదు. ఏం సూపర్‌వైజర్‌వమ్మా, ట్యాబ్ తలకిందులుగా పట్టుకున్నావు.”

యాభై అయిదు. డెబ్భై. ఎనభై.

పడకగది తలుపు తెరుచుకుంది. కత్తెర చప్పుడు ఆగింది.

“వ్యాన్‌లో వాళ్ళు గెస్ట్ మీద ఏమీ రావడం లేదంటున్నారు,” అంది వయొలిన్ గొంతు. ఇప్పుడు అందులో నవ్వు లేదు. “ఏదీ ఆ పిల్ల?”

“మేడ మీదికి వెళ్ళింది,” అంది గడియారం భార్య.

నేల మీద కేబుల్ వెంట వయొలిన్ చూపు నడిచి బీరువా దగ్గర ఆగింది. స్కార్ఫు కిందనుంచి చిన్న పిస్తోలు బయటికి తీసింది. రెండో చేత్తో కేబుల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

బీరువాలో సబ్బుపెట్టె దీపం ఎర్రబడింది. గీత ఎనభై మూడు దగ్గర చచ్చినట్టు ఆగిపోయింది. మూడూ యాభై తొమ్మిది.

వయొలిన్ బీరువా తలుపు బార్లా తెరిచింది. వెలుగు చీమ కళ్ళలో పడింది.

“బయటికి రా.”

“ఒక్క నిమిషం మేడమ్. కాలు తిమ్మిరెక్కింది.”

“ఇక తొందరేం లేదులే. నిమిషంలో నాలుగవుతుంది.”

చీమ ఆమె ముఖంలోకే చూస్తూ, పాదాన్ని మెల్లగా జరిపి సబ్బుపెట్టెకి అడ్డం పెట్టింది. పాదం వెనక ఎర్ర దీపం నారింజ రంగుకి మారింది. కేబుల్ పోతే సబ్బుపెట్టె ఊరుకోదు, గాలిలో ఇంటి వైఫైని వెతుక్కుంటుంది. ఇనుప తలుపు మూసి ఉన్నంతసేపూ దానికి ఆ దారి లేదు. ఆ తలుపు తెరిచింది వయొలినే. ఇప్పుడు పాత తాళం మాట వీధి దాకా వినబడుతుంది, నిజమే. కానీ దాన్ని విప్పడానికి వాళ్ళకి నిమిషాలు కావాలి. ఇక్కడ మిగిలినవి సెకన్లు.

దీపం పచ్చబడింది. ఎనభై ఏడు. తొంభై.

“నువ్వు భయపడటం లేదు,” అంది వయొలిన్ నెమ్మదిగా. “ఎందుకు?”

ఆమె వంగింది. చీమ కళ్ళద్దాల్లో కదులుతున్న గీత కనబడింది. పిస్తోలు చీమని వదిలి లాప్‌టాప్ మీదికి తిరిగింది.

వెనకనుంచి ఎండ చొరని నల్ల కర్టెన్ ఆమె నెత్తిన పడింది. గడియారం భార్య రెండు కొసలూ పట్టుకుని బలంకొద్దీ వెనక్కి లాగింది. పిస్తోలు పేలింది. గుండు పై అరలో చలికోట్లలో దిగబడింది. చీమ బీరువాలోంచి దూకి, బట్టలోపల తడుముకుంటున్న చేతిని రెండు చేతులా మెలితిప్పింది. పిస్తోలు మంచం కిందికి జారింది. ముగ్గురూ నేల మీద పడ్డారు. అలికిడికి వచ్చిన పెద్దావిడ ఒక్క చూపు చూసి, ట్యాబ్ జాగ్రత్తగా మంచం మీద పెట్టి, కర్టెన్ మధ్య భాగం మీద కూర్చుంది.

చీమ పాకుతూ వెళ్ళి స్క్రీన్ చూసింది.

‘చేరింది.’ నాలుగు గంటలకి ఎనిమిది సెకన్లు తక్కువ.

“ఎనిమిది నెలలు చూసినా ఆ సీరియల్‌లో ఇంత జరగలేదు,” అంది పెద్దావిడ, ఇంకొంచెం సర్దుకుని కూర్చుంటూ. “ఎవరమ్మా ఇది, నా కింద?”

చీమ ఫోన్ చేస్తే నాలుగూ పదికి పెద్దాయన మనుషులతో వచ్చాడు. కర్టెన్ విప్పకుండానే వయొలిన్‌ని కిందికి దించారు. వ్యాన్‌లోని ఇద్దరూ గోడ కట్టిన వాకిట్లోనే ఇంకా ఎదురు చూస్తూ దొరికారు. పెద్దాయన బీరువా ముందు నిలబడి, అందులో ఉన్న లాప్‌టాప్‌ని, చెప్పులు వెతుక్కుంటున్న చీమని మార్చి మార్చి చూశాడు.

అప్పుడే లాప్‌టాప్ టింగుమంది. గడియారం జవాబు.

‘అర్థమైంది. వెళ్ళడం లేదు. వేరే దారిన వస్తున్నాను. ఇంతకీ దీన్ని కొత్త రౌటర్‌కి ఎలా కలిపారు?’

గడియారం భార్య ఆ రెండో మాట, మూడో మాట చాలాసేపు చదువుకుంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, బీరువా ముందు నేల మీద కూర్చుని, రెండు వేళ్ళతో ఏదో టైపు చేసి పంపింది.

“ఏం రాశారక్కా?” అంది చీమ.

“రౌటర్ మార్చడానికి ఎవరో వస్తారట, ఆ ఒక్కరోజు ఇంట్లో ఉండండి అని పోయినసారి వచ్చినప్పుడు పదిసార్లు చెప్పాను, విన్నారా అని రాశాను.”

పెద్దాయన చీమని పక్కకి పిలిచాడు. “ఆవిడ పంపిన ఆ రెండో మెసేజ్ కోడా? రిపోర్టులో రాయాలి.”

“మామూలు మాటే సార్,” అంది చీమ, కేబుల్ చుట్టుకుంటూ. “కాకపోతే దానికి జవాబు ఆయన దగ్గర కూడా ఉండదు.”